చిన్న ముక్క

నేను రాసేది ఇతరులు తమ ప్రోగ్రాముల్లో పెట్టుకుని వాడుకునే కోడ్, మా భాషలో లైబ్రరీ. ఆకారం అంచు గీతను ఇస్తే, ఎక్కడ కోయాలో యంత్రానికి చూపిస్తుంది. ఒకటే షరతు, గీత మెలికపడి తనను తాను దాటకూడదు. కానీ జనం ఇచ్చే గీతలు దాటుతూనే ఉంటాయి. మూడేళ్లు తల బద్దలు కొట్టుకుని ఒక ఉపాయం పెట్టాను. దాటితే ఆకారం రెండు ముక్కలవుతుంది కాబట్టి, పెద్దదాన్ని ఉంచి, చిన్నదాన్ని పారేసి, చప్పుడు చేయకుండా పని కానిచ్చేయడం. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను.

అక్క షుగరు ఉన్నవాళ్లకు బూట్లు కుడుతుంది. కాగితం మీద పాదం పెట్టించి, చుట్టూ పెన్సిల్ తిప్పి, స్కాన్ చేస్తుంది. ఆ గీత నా కోడ్ మీదుగా కోత యంత్రానికి వెళ్తుంది. పోయిన నెల నాన్నకూ ఒక జత చేసింది.

శనివారం ఆమె షాపులో నాన్న కుడి బూటు విప్పాడు. బొటనవేలి పక్కన ఎముక పొడుచుకొచ్చిన చోట సాక్సు అతుక్కుపోయింది. లాగితే రక్తం. షుగరు మనిషికి అక్కడ పుండంటే వేలు తీసేసేదాకా పోవచ్చు. అక్క పుండు కడిగి డాక్టరుకు ఫోన్ చేసింది. నాలుగింటికి రమ్మన్నాడు.

తర్వాత నాన్న పాదం గీసిన పాత కాగితం తీసింది. ఎముక దగ్గర పెన్సిల్ గీత తనను తానే దాటింది. ఆ ఉబ్బు చిన్న ముక్కగా విడిపోయింది. దాన్ని పారేసింది నా కోడే.

“అనుమానం వస్తే నాకు చెప్పి చావొచ్చుగా నీ ప్రోగ్రాము!”

“చెప్తే పని ఆగిపోతుందని, అక్కా...”

“ఆగనీరా! చూసి మళ్లీ గీసేదాన్ని కదా!”

అక్కడే, ఆమె కంప్యూటర్ ముందే కూర్చుని, లైబ్రరీలోంచి ఆ ఉపాయం పీకేశాను. రేపటి నుంచి పని ఆగిపోతోందని వాడేవాళ్లందరూ నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ.

“నెల్రోజుల్నుంచి నొప్పెడుతుంటే చెప్పలేదేం నాన్నా?” అన్నాను.

“చిన్నదానికి గోల ఎందుకని. అక్క అంత కష్టపడి చేసిందాయె.”

ఒళ్లు మండింది. కానీ ఆయన్ని తిట్టే మొహం నాకెక్కడిది?

పాత గీతనే మళ్లీ పంపాను. యంత్రం కదల్లేదు. తెర మీద ఎముక దగ్గర ఎర్రచుక్క, కింద ఒక వాక్యం: ‘ఇక్కడ గీత దాటింది. చూసి సరిచేసేదాకా కోయను.’

నాన్న కళ్లజోడు సవరించుకుని చదివాడు. తర్వాత వంగి, ఎడమ బూటు లేసు విప్పడం మొదలుపెట్టాడు.

“దీన్ని కూడా ఓసారి చూడమ్మా,” అన్నాడు అక్కతో.