అందరికీ కనిపించే పాస్‌వర్డు

మొంతెవిదెయో నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో అందరి ఖాతాలూ ఉండే డైరెక్టరీ సర్వర్‌ను నెలిదా చూసుకునేది. ఏళ్ళ కిందట దాన్ని పెట్టినప్పుడు పై అధికారి వాషింగ్టన్ ఇచ్చిన ప్రధాన పాస్‌వర్డు ఒక ఫైల్లో అలాగే ఉండిపోయిందనీ, ఆ యంత్రంలో ఖాతా ఉన్న ఎవరైనా చదవచ్చనీ ఆమె కనిపెట్టి, ఆయనకు చెప్పింది.

"బయటివాడు రాలేడుగా? అందరూ మనవాళ్ళేనమ్మా," అన్నాడాయన మాతే అనే ఆకు తేనీరు గొట్టంతో పీలుస్తూ.

"మనవాళ్ళు నాలుగొందల మంది సార్. చూపించనా?"

ఆమె మామూలు విద్యార్థి ఖాతాతో ఫైలు తెరిచింది. తెరమీద "నసియొనాల్‌కే జై" అని కనిపించింది.

ముప్పై ఏళ్ళుగా నసియొనాల్‌కు ప్రత్యర్థి అయిన ఫుట్‌బాల్ జట్టు పెనరోల్ కండువా కప్పుకు తిరిగే వాషింగ్టన్ ముఖం కందిపోయింది.

"మా నాన్న జట్టది. ఎవరితోనూ అనకు తల్లీ," అన్నాడు మెల్లగా.

పాస్‌వర్డు మార్చి, ఆ ఫైలు చెరిపేదాకా ఆయన ఆమె పక్కనుంచి కదల్లేదు.