చూడకుండా చెప్పేవాడు

లిఫ్టు ఆగిపోతే పన్నెండు పరీక్షలు చెయ్యాలి. ఆ పరీక్షల పట్టిక రాసింది అతనే. అందుకే లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో అందరూ అతన్ని పంతులు అంటారు. ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ పోతే చివర మిగిలిందే తప్పు. ఇరవై ఏళ్లలో పంతులు ఒక్క గడి కూడా దాటవెయ్యలేదు.

అదే కంపెనీలో పనిచేసే అతని తోడల్లుడు మాత్రం కంట్రోల్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, "మూడో అంతస్తు తలుపు" అనేవాడు. తీరా చూస్తే అదే.

"ఎలా చెప్పావురా?"

"ఏమో అన్నయ్యా, అలా అనిపించింది."

పంతులుకి అరికాలి మంట నెత్తికెక్కేది. ఇంట్లో ఇంకో మంట. "మా చెల్లెలి మొగుడు చెయ్యి పెడితే చాలట," అంది భార్య కంచం ముందు పెడుతూ. "ఫోర్‌మన్ పోస్టు మరిదిగారికే ఇస్తారేమో!"

పంతులు కంచం పక్కకి నెట్టేశాడు.

మర్నాడు బస్సులో తట్టింది. చూడకుండా ఎవడికీ ఏదీ తెలియదు. వీడికి తెలుస్తోంది. అంటే ముందే చూసి ఉండాలి. ముందే చూశాడంటే, పాడుచేసింది వీడే! మూడు మెట్ల వాదన, ఎక్కడా పగులు లేదు. ఆ సంబరంలో దిగాల్సిన చోటు దాటి రెండు స్టాపులు వెళ్లిపోయాడు.

మేనేజరమ్మ శ్రద్ధగా వింది. ఆ నెల ఫిర్యాదులు రెట్టింపయ్యాయి, నింద వెయ్యడానికి ఆమెకూ ఎవరో ఒకరు దొరకాలి.

"రుజువు?"

"అతను ఎప్పుడూ అడుగుపెట్టని భవనంలో లిఫ్టు ఆగినప్పుడు పంపండి. కనుక్కోలేడు."

"కనుక్కుంటే?"

"అక్కడా దొంగచాటుగా చెయ్యి పెట్టాడన్నమాటే."

"బాగుంది. అదే జరిగితే ఆ క్షణమే ఉద్యోగం పీకేస్తాను."

కానీ లిఫ్టు ఆగేదాకా ఆగే ఓపిక పంతులుకి లేదు. గురువారం ఉదయం ఏడింటికి ఒక ఎనిమిదంతస్తుల ఆఫీసు భవనానికి వెళ్లి, ఐదో అంతస్తు తలుపు వైరు తనే ఊడదీశాడు. ఎవరికీ ప్రమాదం లేదు, లిఫ్టు కదలదంతే.

పదింటికి ముగ్గురూ అక్కడ ఉన్నారు. తోడల్లుడు పెట్టె మీద చెయ్యి ఆనించాడు. "ఐదో అంతస్తు తలుపు."

ఐదో అంతస్తుకి ఎక్కి చూస్తే తలుపు వైరు ఊడి ఉంది. మేనేజరమ్మ పంతులు వైపు చూసి తలాడించింది. "మీరన్నది అక్షరాలా నిజం. ఏం నాయనా, ఈ వైరు ఎప్పుడు పీకావు?"

"నేనా? అమ్మతోడు మేడమ్, ఈ భవనం గుమ్మం తొక్కడం ఇదే మొదలు!"

"టూల్ బ్యాగు అక్కడ పెట్టి వెళ్లు."

పంతులు ఎగిరి గంతెయ్యాలి. కాళ్లు రాలేదు. లోకంలో ఎవరు పాడుచేశారో తనకు కచ్చితంగా తెలిసిన లిఫ్టు ఇదొక్కటే. వీడు నిజంగా చూడకుండానే చెప్పాడు! మొదటి మెట్టే విరిగింది.

వెంటనే మనసు ఇంకో మెట్టు పేర్చింది: పొద్దున నీ వెనకాలే వచ్చి ఉంటాడు. అది నిలవకపోతే మరోటి: వాచ్‌మన్ చెప్పి ఉంటాడు. కారణాలు చీమల్లా బారులు కడుతున్నాయి. తీర్పు ముందే రాసుకుని, సాక్షుల్ని తర్వాత పిలుస్తున్నాడు తను. ఎన్నాళ్లుగా ఇలా? ఇరవై ఏళ్ల గడులూ ఇలాగే నింపాడా?

"మేడమ్, ఆ వైరు పీకింది నేను."

"నమ్మకండి మేడమ్," అన్నాడు తోడల్లుడు, ముక్కు ఎగపీలుస్తూ. "అన్నయ్య నన్ను కాపాడ్డానికి అంటున్నాడు."

మేనేజరమ్మ ముఖం మెత్తబడింది. "అర్థమైంది పంతులుగారూ, బంధువు కదా. తప్పు పట్టుకుని, మళ్లీ మీరే జాలిపడుతున్నారు. ఇలాంటి మనిషే నాకు ఫోర్‌మన్‌గా కావాలి."

నోరు మూసుకుంటే చాలు, పోస్టు ఒళ్లో పడుతుంది. అయినా పంతులు నోరు తెరిచాడు.

"వాచ్‌మన్ దగ్గర రిజిస్టరు తెప్పించండి. ఏడింటికి నా సంతకం ఉంటుంది."

రిజిస్టరు వచ్చింది. సంతకం ఉంది. మేనేజరమ్మ దాన్ని రెండుసార్లు చదివి చెయ్యి చాచింది. పంతులు భుజం మీది బ్యాగు తీసి ఇచ్చాడు.

బయటికి వస్తుంటే తోడల్లుడు తన బ్యాగు మళ్లీ తగిలించుకుని పక్కనే నడిచాడు. "పోనీలే అన్నయ్యా. రేపు నేను మేడమ్‌ని బతిమాలతాను. వదినకి మాత్రం ఏమీ చెప్పకు, బెంగపెట్టుకుంటుంది."

పంతులు ఆగి వాడి ముఖంలోకి వెతికి వెతికి చూశాడు. ఎంత వెతికినా కోపం కనబడలేదు. ఆ మంచితనం కూడా వీడికే రావాలా అని అరికాలి మంట మళ్లీ నెత్తికెక్కింది.