టంకం

బస్సు డ్రైవరు ఇంట్లో సొంతంగా తయారు చేసుకున్న ఆంప్లిఫయరు పాట మధ్యలో గరగరమని మూగబోయేది. పెట్టె మీద ఒక్కటిస్తే మళ్లీ పాడేది. స్పీకరు మార్చాడు, ట్రాన్స్‌ఫార్మరు మార్చాడు. డిపోలో ఎలక్ట్రీషియను మొదలుకొని టీ కొట్టు మనిషి దాకా అందర్నీ సలహా అడిగాడు. మూడు నెలలైనా దాని తిక్క కుదరలేదు.

ఆ ఆదివారం అతను విసిగిపోయి పెట్టె విప్పుకుని కూర్చుంటే, భార్య వచ్చి పక్కన చతికిలబడింది. నగల దుకాణంలో తెగిన గొలుసులు అతికించడం పదిహేనేళ్లుగా ఆమె పని. ఒక తీగను వేలితో కదిపింది. అది అతుకులోంచి ఊడి వచ్చేసింది.

"టంకం కరిగించి పైన పోశారా?"

"మరెలా పెడతారు?"

"ముందు తీగ కాలాలి. కాలిన తీగకి టంకం తాకిస్తే దానంతటదే పాకుతుంది. మీది పైన కూర్చుందంతే, పట్టుకోలేదు."

అతను ఊడిన తీగను చేతిలోకి తీసుకుని చూశాడు. "నీది బంగారం పని కదా, ఇది వేరనుకున్నా."

"ఊరందర్నీ అడిగారు. నన్నడిగితే ముత్యాలు రాలిపోతాయా?"

అతను లేచి చిన్న చాకు తెచ్చాడు. ఇద్దరూ ప్రతి తీగనూ గీకి శుభ్రం చేశారు. ఆమె పట్టకారుతో పట్టుకుంటే అతను కాల్చి అతికించాడు. మొదటి నాలుగు అతుకులూ ఆమె ఊడదీయించింది. అయిదోదాన్ని లాగి చూసి, తర్వాతి తీగ అందుకుంది.

పొద్దు వాలేవేళకు పాట మొదలైంది. పెట్టెను ఎంత కుదిపినా ఆగలేదు.

మర్నాడు డిపోలో పెట్టె బాగైందని విని ఎలక్ట్రీషియను, ఎవరు బాగు చేశారని అడిగాడు.

"మా ఆవిడ," అన్నాడు డ్రైవరు. ఇన్నాళ్లూ ఆమెను ఎందుకు అడగలేదో మాత్రం చెప్పలేదు.