పూజలో ఉన్నదానికి తాళం

కిందటేడు మహర్నవమి నాడు గారెలు, పరమాన్నం తిన్నామని వరహాలమ్మ చెబుతుంటే శ్రీరామ్మూర్తి వేలు ఫోను తెర మీద ఆగిపోయింది. అది ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు కాదు.

సొంత లైసెన్సు తుపాకీతో బ్యాంకులకి కాపలా కాసే గన్‌మేన్‌లు మల్కాపురంలో కొందరున్నారు. నిరుడు ఓ సంస్థ వాళ్ల ఇళ్లకి తుపాకీ తాళాలు పంచి, జాగ్రత్తలు చెప్పింది. ఆ ప్రచారం ఎంత పనిచేసిందో ఇల్లిల్లూ తిరిగి అడగడం శ్రీరామ్మూర్తి పని. భార్య పోయాక పగళ్లు గడవక ఒప్పుకున్నాడు. ఎవరైనా కుర్చీ తుడిచి వేస్తే ఆ రోజుకి అదే పదివేలు. పొద్దుట చూసిన ఇళ్లలో ఒకచోట ఆ తాళం సైకిలుకుంది, ఇంకోచోట గ్యాసు బండకుంది. జాగ్రత్తలు ఒక్కరికీ గుర్తులేవు.

వరహాలమ్మకి మాత్రం అన్నీ నోటికొచ్చు. తూటాలు తీసెయ్యాలి, వేరేచోట దాచాలి, తాళం వెయ్యాలి.

"మా ఆయన రోజూ అలాగే సేసీవోడు బాబూ. నవమినాడు డ్యూటీ నుంచి రాగానే తుపాకీ పూజలో ఎట్టీసినాం. పూజలో ఉన్నదానికి తాళవేటని నానే వద్దన్నాను."

మర్నాడు పొద్దున్నే ఉద్వాసన చెప్పాక, కుంకుమ మరకలతో వెళ్తే బ్యాంకులో నాన్నని చూసి నవ్వుతారని కూతురు శ్రీసత్య తుపాకీ ఒళ్లో పెట్టుకుని గుడ్డతో తుడవబోయింది. తూటాలు లోపలే ఉన్నాయి. పేలింది. అమ్మాయి ఆసుపత్రి చేరేదాకా కూడా బతకలేదు. తుపాకీ పోలీసులు పట్టుకెళ్లారు. వరహాలమ్మ భర్త గవర్రాజు ఇప్పుడు ఏదో దుకాణం ముందు లాఠీతో నిలబడుతున్నాడు.

"మళ్లీ దసరా వచ్చీసింది. నాను సెప్తే ఈ వీధిలో ఎవులూ ఇనరు. పూజరోజు కూడా తాళం తియ్యొద్దని మీరు అచ్చేసి పంచితే ఇంటారు."

శ్రీరామ్మూర్తి అరుగు మీదకొచ్చి సూపర్‌వైజరు నీలిమకి ఫోను చేశాడు. జరిగిందీ, వరహాలమ్మ అడిగిందీ చెప్పాడు. పూజ గురించి ఫారంలో కాలమ్ లేదందామె. రిపోర్టు ఎలాగూ జనవరిలోనే వస్తుందంది.

"జాగ్రత్తలన్నీ చెప్పారు, ఇంట్లో తుపాకీ లేదు. ఫుల్ మార్క్స్ సార్. తలుపుకి స్టిక్కర్ అంటించి ఫోటో పంపండి."

ఆయన స్టిక్కరు తీసి, మళ్లీ సంచిలో పెట్టేశాడు.

గుమ్మంలో నిలబడి ఫోనులో మాటలు విన్న వరహాలమ్మ కొంగుతో తలుపు తుడిచింది. "అంటించీండి బాబూ. లేపోతే మీకు మాటొస్తాది."

అంటించాడు. కాస్త వంకరగా పడింది.

చీకటిపడుతుండగా గవర్రాజు వచ్చాడు. తలుపు వంక ఒకసారి చూసి లోపలికెళ్లాడు. ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసి గడియ పెట్టుకుంది. పచ్చటి స్టిక్కరు మీద, 'సురక్షిత గృహం' అన్న అక్షరాల కింద, అమ్మానాన్నల నడుమ రెండు జడల అమ్మాయి బొమ్మ నవ్వుతోంది.