మా అత్తయ్య అందరినీ క్షమించిన వారం

గుండెకు ఆపరేషన్ చేయాలని డాక్టరు చెప్పిన సాయంత్రం నుంచే మా అత్తయ్య అందరినీ క్షమించడం మొదలుపెట్టింది.

మొదటి వంతు నాదే. మా లాండ్రీలో నేను దుప్పట్లు మడతపెడుతుంటే వచ్చి ఎదురుగా నిలబడింది. "కొత్త కోడలుగా వచ్చినప్పుడు గంజి మాడ్చేశావు గుర్తుందా? క్షమించాను పో," అంది. గంజి మాడ్చింది ఆవిడే. నాకు ఒళ్ళు మండింది. కానీ గుండె బాగాలేని మనిషితో పోట్లాటేమిటని పళ్ళు బిగబట్టి ఊరుకున్నాను.

తర్వాత మా ఆయన్ని క్షమించింది, పుట్టేటప్పుడు నానా తిప్పలు పెట్టినందుకు. పోయిన మామయ్యను కూడా వదల్లేదు. ఫొటో ముందు నిలబడి ఆయన గురకను క్షమించింది. పాలవాడైతే బిక్కమొహం వేసుకుని నా దగ్గరికొచ్చి, "నేనేం చేశానమ్మా?" అని అడిగాడు. నీళ్ళు కలిపే ఉంటాడు, లేకపోతే అంత భయం దేనికి?

"తీర్పు సింహాసనం ముందు నిలబడేనాటికి మన మనసులో ఎవరిమీదా ఏమీ ఉండకూడదమ్మా," అనేది అత్తయ్య. అలా అంటూనే ఇస్త్రీ బల్ల అంచును గట్టిగా పట్టుకునేది. లోపల ఎంత భయపడుతోందో నాకు తెలుసు. నోరు పెద్దదే కానీ, ఆవిడంటే నాకు ప్రాణం. నాకు పని నేర్పింది ఆవిడే, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ ఆవిడే.

ప్రార్థన చేయడానికి పాస్టరుగారు వచ్చారు. టీ తాగుతూ, "అందరినీ క్షమించేశారట, చాలా సంతోషం. మరి మీరు క్షమాపణ అడగాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా?" అన్నారు.

అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. "నేనా? నేనెవరికేం చేశానని?"

పాస్టరుగారు మెత్తటి మనిషి. ఇంకేమీ అనకుండా ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం అత్తయ్య అన్నం ముట్టలేదు. నేను ఎవరిదో తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తుంటే గుమ్మంలో కూర్చుని, "పెట్టె నిలబెట్టు, పెట్టె నిలబెట్టు," అని ఊరికే గొణిగింది. ఇస్త్రీ పెట్టె నా చేతిలోనే ఉంది.

"ఏమైంది అత్తయ్యా?" అంటే అప్పుడు బయటపడింది.

మా చర్చిలో వెనక బెంచీ మీద కూర్చునే ఒకావిడ ఉంది. ఎప్పుడు చూసినా నలిగిన బట్టలే కట్టుకుంటుంది కాబట్టి పిల్లలు ముడతల పిన్ని అని పేరు పెట్టారు. హాస్టల్లో గిన్నెలు తోమి బిడ్డల్ని పెంచింది. ఆవిడ కనపడితే చాలు, "దేవుడి సన్నిధికి అలాగేనా రావడం," అని అత్తయ్య మూతి తిప్పేది. ఆ ముడతల పిన్ని ఒకప్పుడు ఈ లాండ్రీలోనే పనిచేసిందట, అత్తయ్యా ఆవిడా ఇద్దరూ పెళ్ళికాని రోజుల్లో. అప్పుడు ఇది అత్తయ్య వాళ్ళ నాన్నది.

"ఒకటే పెట్టె. ఇద్దరం వంతులేసుకుని ఒక పెళ్ళికూతురి తెల్లగౌను ఇస్త్రీ చేస్తున్నాం. బట్ట మీద చల్లడానికి నీళ్ళు తేవాలని అది పెరట్లోకి పరుగెత్తింది. అది నిలబెట్టి పోయిన పెట్టె నేను అందుకున్నాను. ఇంతలో మీ మామయ్య సైకిలు బెల్లు వినపడింది. పెట్టె గౌను మీదే పెట్టేసి కిటికీ దగ్గరికి పోయానమ్మా. అది తిరిగొచ్చేసరికి కాలిన వాసన. 'గౌను మీదే పెట్టె వదిలేసి పోయావేమే' అన్నాను. మా నాన్న అప్పటికప్పుడు దాన్ని పనిలోంచి తీసేశాడు."

ఇన్నేళ్ళు ఆవిణ్ణి చూసి మూతి తిప్పిందా ఈవిడ! కోపంతో ఏదో అనబోయి, అత్తయ్య మొహం చూసి ఆగిపోయాను.

"అది క్షమించకపోతే? దీన్ని మోసుకెళ్ళి ప్రభువు ముందు ఎలా నిలబడను?" అంది.

"లేవండి, చెప్పులేసుకోండి," అన్నాను.

ముడతల పిన్ని ఒంటిగదిలో బియ్యం ఏరుకుంటోంది. అత్తయ్యను చూసి కంగారుపడి కుర్చీ తుడిచింది. అత్తయ్య కూర్చోలేదు. నిలబడే, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. "నన్ను క్షమించవే," అంది చివర్న.

పిన్ని చేట కింద పెట్టింది. "అయితే నేను కాదా?"

మేమిద్దరం ఆవిడ వంక చూశాం.

"నేనే అనుకున్నానే! పరుగులో పెట్టె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. నువ్వు అన్నావు, నమ్మాను. ఆ పెళ్ళికూతురి ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. మళ్ళీ ఇస్త్రీ పెట్టె ముట్టుకుంటే ఒట్టు." పిన్ని తన చేతిని తిప్పి చూసుకుంది. "చర్చిలో రొట్టె, రసం పుచ్చుకునే బల్ల దగ్గరికొచ్చినప్పుడల్లా, ప్రభువా, ఆ గౌను సంగతి క్షమించమనే అడిగాను. నేను కాదన్నమాట!"

ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఆపైన చేటను ఒక్క తోపు తోసింది. బియ్యం గదంతా చెల్లాచెదరయ్యాయి. అత్తయ్య మోకాళ్ళ మీద కూలబడి ఆ గింజలు ఏరసాగింది. ఆపరేషన్ మనిషి వంగకూడదని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నేను లేపబోయాను. లేవలేదు.

పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ తప్పుకి అడగాల్సిన క్షమాపణంతా నేనే అడిగేశాను కదే. ఆయన ఇచ్చే ఉంటాడు. నాకిప్పుడు దాంతో పనేముంది? నువ్వే తీసుకో."

అత్తయ్య తలెత్తింది. "మరి నీ సంగతో?"

"నా కోపం నాకుంది. ఎక్కడికి పోతుంది? ముందు నువ్వు ఆపరేషన్ చేయించుకుని రా. తీరిగ్గా తిడతాను. తిట్టించుకోకుండా పోయావో, అక్కడికొచ్చైనా వదలను." అంటూనే చేతులిచ్చి లేపింది.

ఆపరేషన్ అయ్యాక అత్తయ్య కళ్ళు తెరిచేసరికి పిన్ని మంచం పక్కనే కుర్చీ వేసుకుని ఉంది. అత్తయ్యకు తెలివొచ్చిందని రూఢి చేసుకుని, మొదలుపెట్టింది. పోయిన పని దగ్గర్నుంచి, తిప్పిన మూతి దాకా ఒక్కటీ మర్చిపోలేదు. తిడుతూనే దూదితో ఆవిడ పెదవులు తడుపుతోంది. నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఏంటమ్మా ఇది, పేషెంటుతో ఇలాగేనా మాట్లాడేది?"

అత్తయ్య బలమంతా కూడగట్టుకుని చెయ్యెత్తి ఆపింది.

"తిట్టనివ్వమ్మా. దీనికోసమే తిరిగొచ్చాను."