మిద్దె మీంచి ధౌలాధార్

"చాయ్‌ల అల్లం తక్కువైంది," అన్నాడు తిరుమల్, చెవులకున్న హెడ్‌ఫోన్ తియ్యకుండానే.

లాక్‌డౌన్‌తో, ఈ గల్ఫ్ నగరం నడిబొడ్డున ముషైరిబ్‌లోని అతని ఆఫీసు మూతపడి పడగ్గదిలోకి వచ్చి కూర్చుంది. అతను మీటింగులో ఉంటే కుక్కర్ కూత పెట్టకూడదు. కూతురు అక్షితకు హాల్లో ఆన్‌లైన్ క్లాసు నడుస్తుంటే మిక్సీ తిరగకూడదు. సుహాసిని చప్పుడు చెయ్యకుండా వండాలి, చప్పుడు చెయ్యకుండా గిన్నెలు తోమాలి. "నీకేంది, లాక్‌డౌన్ ఉన్నా లేకున్నా ఇంట్లనే ఉంటవ్ గదా," అని నవ్వేవాడు తిరుమల్.

సుహాసిని కప్పు తీసి సింకులో పెట్టి, ఉతికిన బట్టల బుట్ట ఎత్తుకుని మిద్దెక్కింది. అల్ ఘర్రాఫాలో ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన వాటాల్లో వాళ్లదొకటి. మిద్దె మీద నీళ్ల ట్యాంకులు, ఏసీల హోరు, చుట్టూ ఇసుకరంగు గోడలు. ఏప్రిల్‌కే ఎండ చురుక్కుమంటోంది. దుప్పటి దులుపుతుండగా నజియా వీడియో కాల్ వచ్చింది. నిజామాబాద్ హాస్టల్లో డిగ్రీ మూడేళ్లూ ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. ఇప్పుడు పంజాబ్‌లో, జలంధర్‌లో లెక్చరర్.

"అరే సుహా, ఏం మాట్లాడకు. ముందుగాల ఇది చూడు!" అంటూ నజియా ఫోను అటు తిప్పింది.

డాబాలు, వాటి వెనక చెట్లు, ఆ వెనక ఆకాశాన్ని ఆనుకుని తెల్లగా మంచుకొండలు.

"ధౌలాధార్! నేనొచ్చి ఇన్నేండ్లైంది, ఒక్కనాడు గూడ కనవడలే. బండ్లు బందైనయి, ఫ్యాక్టరీలు బందైనయి, గాలి సాఫైంది. మా గల్లీల ముసలోళ్లు గూడ మిద్దెలెక్కి చూస్తున్రు."

సుహాసిని చేతిలో తడి దుప్పటి అలాగే ఉండిపోయింది. డిగ్రీ రెండో ఏడు, ఇలాగే ఏప్రిల్‌లో, ఎన్‌సీసీ తరఫున ఇద్దరూ మనాలీలో కొండలెక్కడం నేర్చుకోవడానికి వెళ్లారు. బూటు కింద మంచు కరకరలాడిన చప్పుడు, వేళ్లు మొద్దుబారితే చంకల్లో పెట్టుకుని వెచ్చబెట్టుకోవడం, పొద్దు పొడిచేముందు శిఖరాలు దానిమ్మగింజల రంగులోకి తిరగడం, నడుముకు కట్టిన తాడు వెనకవాళ్ల బరువుతో బిగుసుకోవడం అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. తాడుకు ముందు నడిచింది తనే. పై కోర్సుకు తప్పక రమ్మన్నాడు శిక్షకుడు. నాన్న సరేనన్నాడు కూడా. ఆలోగా సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో, మంచులో తాడుతో నిలబడి తను దిగిన ఫొటో చూసి అత్తగారు, "మా ఇంట్ల ఎక్కనీకి మెట్లున్నయి గని కొండల్లేవు బిడ్డా," అంటే అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఇన్నేళ్ల తర్వాత గుచ్చుకున్నది అత్తగారి మాట కాదు, తన ఆ నవ్వు.

"అమ్మా, డాడీ పిలుస్తున్నడు," అంటూ అక్షిత పైకొచ్చి ఫోనులోకి తొంగి చూసింది.

"మీ అమ్మ తాడు పట్టి గుంజకుంటే నేను ఆ మంచులనే కూసోని ఏడుస్తుంటి బేటా," అంది నజియా.

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. "అమ్మనా?"

ఇంట్లో ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో చెప్పే మనిషిగా తప్ప పిల్లకి తనెవరో తెలియదని సుహాసినికి అప్పుడర్థమైంది. బుట్ట పక్కన పెట్టి, కూతుర్ని దగ్గర కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది. అక్షిత అడుగుతూనే ఉంది. "జారిపడలేదా?" "జారిన. ఎట్ల ఆగాల్నో గూడ నేర్చుకున్న."

కిందికి దిగేసరికి తిరుమల్ వంటింటి గుమ్మంలో ఉన్నాడు. "ఎంతసేపాయె పిలవబట్టి! ఏం జేస్తున్నవ్?"

"మంచుకొండలు చూస్తున్న."

"మంచే గదా! ఫ్రీజర్ తెరిస్తే లేదా?" తన మాటకి తనే నవ్వుకున్నాడు. సుహాసిని నవ్వలేదు. ఆ నవ్వు ఒంటరిగా కాసేపుండి ఆగిపోయింది.

మర్నాటినుంచి పొద్దున్నే తల్లీకూతుళ్లు మిద్దె మీద నజియా కాల్‌కి ఎదురుచూసేవారు. కొన్ని రోజులు కొండలు మబ్బులో ఉండేవి. కనబడిన రోజున ముగ్గురూ తనివితీరా చూసేవారు. ఒకరోజు నజియా, "రాస్తాలు తెరుచుకుంటే పోదామా? మళ్ల ఆ మంచుల నడుద్దాం," అంది.

ఆ మధ్యాహ్నం బియ్యం కడుగుతూ, తిరుమల్‌ని ఎలా అడగాలా అని మనసులో మాటలు పేర్చుకుంది సుహాసిని. ఎలా పేర్చినా చివరికి "పోనా?" దగ్గరే ఆగుతోంది. వండనా, కొననా, మా అమ్మకు ఫోన్ చెయ్యనా అంటూ బతికిన ఏళ్లన్నీ ఆ ఒక్క మాటలో వినబడ్డాయి. అది తన గొంతేనా అనిపించింది. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని పడగ్గదిలోకి వెళ్లింది.

"విమానాలు మొదలైనంక నేను నజియాతోని కొండలకు పోతున్న. అక్షితను నువ్వు చూసుకోవాలె."

తిరుమల్ హెడ్‌ఫోన్ తీశాడు. "ఎవర్నడిగినవ్?"

"ఎవర్నీ అడుగలే," అంది సుహాసిని.