బోర్లించని బైనాక్యులర్

ఆ సెలూన్‌లో రెండు కుర్చీలు. లోపలిది బావది, గుమ్మం పక్కది చిన్నోడిది. చిన్నోడికి నలభై దాటాయి, చెవుల పక్కన తప్ప నెత్తిన వెంట్రుక లేదు. అయినా పెంచిన అక్క పెట్టిన పిలుపు కాబట్టి అదే నిలిచిపోయింది.

"నీ బట్టతల చూస్తే వచ్చినవాళ్ళు జడుసుకుంటారురా" అనేవాడు బావ.

"నా తలకి పనిచేసేది నువ్వే కదా బావా, పేరంతా నీదే" అనేవాడు చిన్నోడు. పద్దెనిమిదేళ్ళుగా అదే మాట, అదే నవ్వు.

ఏటా చెట్లు చిగురించే రోజుల్లో ఒక సెలవు చూసుకుని, అక్క, బావ, చిన్నోడు ముగ్గురూ బస్సెక్కి నది దగ్గరికి వెళ్ళేవాళ్ళు. అప్పుడే అక్కడ గద్దలు గుడ్లు పొదిగి, పిల్లలకోసం చేపలు పడుతుంటాయి. అక్క రొట్టెలు, ఉడికించిన గుడ్లు సర్దింది. బావ ఈసారి సంచిలో ఒక కాగితం కూడా పెట్టాడు.

"షాపు అద్దె కాగితం పాతబడిందట. ఓనరు కొత్తది రాయించాడు. నది దగ్గర చల్లగా కూర్చుని సంతకం పెట్టేద్దువుగాని."

"ఇప్పుడే ఇవ్వు బావా, ఓ పనైపోతుంది."

"ఈ బస్సు కుదుపుల్లో నీ సంతకం కోడి గెలికినట్టుంటుంది, ఆగు."

బావ కాగితమిస్తే చిన్నోడు సంతకం పెట్టడమే గాని, చదవడం ఏనాడూ లేదు.

బైనాక్యులర్ ఇద్దరూ కలిసి కొన్నదే. ఉండేది మాత్రం సెలూన్‌కి ఎదురుగా ఉన్న బావ వాళ్ళ మేడ మీద. అన్ని బైనాక్యులర్లలాగే దాంట్లోనూ చివరగా చూసింది అడుగున మిగిలిపోతుంది. బోర్లించి రెండు తట్లు తడితే కారిపోతుంది. తట్టడం మరిచిపోతే కాసేపు ఆ పాత చూపే కనిపించి విసిగిస్తుంది. బావ శుభ్రం మనిషి, కత్తెర తుడిచినట్టే తుడిచి, తట్టి గాని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

ఒడ్డున రాళ్ళ మీద కూర్చున్నారో లేదో, ఒక గద్ద రెక్కలు ముడిచి నీళ్ళ మీదికి దూకింది. చిన్నోడు ఆగలేక బావ చేతిలోంచి బైనాక్యులర్ లాక్కున్నాడు.

"ఉండరా, తట్టలేదు!" బావ అరిచేలోగా కళ్ళకు పెట్టేసుకున్నాడు.

నది లేదు, గద్దా లేదు. ఎదురు మేడ మీంచి చూసినట్టు, సెలూన్ ముందు తనే ఉన్నాడు. పోయిన వారం, భార్యని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిన రోజు. షట్టర్ దించాడు, తాళం లాగి చూసుకున్నాడు, గబగబా వీధి చివరికి నడిచాడు. చూపు అతని వీపునంటుకునే వచ్చింది. అతను మలుపు తిరిగాక కూడా అక్కడే కాసేపు ఆగి, వెనక్కి మళ్ళింది. షట్టర్ దగ్గర అక్క నిలబడి ఉంది. మేడవైపు తలెత్తి, వెళ్ళిపోయాడు అన్నట్టు చెయ్యి ఊపింది. తనే షట్టర్ ఎత్తింది. ఓనరు వచ్చాడు, వెంట బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను. అక్క వంగి, చిన్నోడి కుర్చీ చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, ఇంతవరకు నీదే అన్నట్టు అతనికి చూపించింది.

ఆ గీతని మర్నాడు తడిగుడ్డతో తుడిచింది చిన్నోడే. "ఎవరి పిల్లలో గీసుంటారులే" అన్నాడు బావ.

బావ సంగతి సరే, అక్క ఎలా చేసింది? అమ్మ పోయాక రోజూ తల దువ్వి బడికి పంపిన చెయ్యే కదా అలా ఊగింది. చిన్నోడికి కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది.

"చేప దొరికిందా?" బావ సంచిలోంచి కాగితం తీశాడు.

చిన్నోడు బైనాక్యులర్ దించకుండా వాళ్ళ వైపు తిరిగాడు. పాత చూపు మెల్లగా కారిపోయింది. కాగితం, పెన్ను పట్టుకుని బావ. పక్కన గుడ్డు పెంకు ఒలుస్తూ, తల ఎత్తని అక్క. ఇద్దరినీ తనివితీరా చూసి, తట్టకుండానే అక్కకి ఇచ్చాడు.

అక్క కళ్ళకు పెట్టుకుంది.

"ఇందులో గద్దలేం లేవురా."

"నువ్వున్నావుగా అక్కా."

ఒలిచిన గుడ్డు ఆమె చేతిలోంచి జారి నీళ్ళలోకి దొర్లిపోయింది.

"సంతకం..." అన్నాడు బావ.

చిన్నోడు పెన్ను అందుకుని, మూత పెట్టి, బావ జేబులోనే పెట్టాడు. పనయ్యాక ఎవరికైనా దులిపినట్టే బావ భుజాలు దులిపాడు.

"అయిపోయింది బావా, లే."

తెల్లారి షట్టర్ ఎత్తింది చిన్నోడే. పాత కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, అతని సంతకం పడనంతకాలం గుమ్మం పక్క కుర్చీని కదిపేవాడు లేడు. బావ లోపలి కుర్చీ దగ్గర తలొంచుకుని పనిచేసుకున్నాడు. బట్టతల మాట ఎవరూ ఎత్తలేదు. చెవుల పక్కన వెంట్రుకలు పెరిగినప్పుడు, చిన్నోడు అద్దంలో చూసుకుంటూ తనే కత్తిరించుకున్నాడు.